ఎడమచేతి కోసం ఒక దరఖాస్తు

యాదమ్మకు కోపమొస్తే నోరు పెరగదు, టైపు స్పీడు పెరుగుతది. సూర్యాపేటల ఆమె దగ్గర టైపు నేర్సుకున్నోళ్ళందరికీ ఈ సంగతి ఎరికే. ఇరవై రెండేండ్లు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. లోయర్, హయ్యర్ టైపు పరీక్షలని ఎంతమందిని గట్టెక్కించిందో లెక్కలేదు. టైపు మిషన్లు మూలకు పడ్డంక, ఊకె ఇంట్ల కూసునుడు చాతగాక, కలెక్టరాఫీసు ఎదురుంగ ఒక టేబులేసుకున్నది. ఒక పాత లాప్‌టాప్, ఒక ప్రింటర్, ఎండకు ఒక గొడుగు, పక్క జిరాక్స్ షాపు నుంచి ఒక కరెంటు వైరు. సోమవారం కలెక్టర్ అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటది కాబట్టి ఆ రోజు పొద్దుగాల ఎనిమిదింటికే ఆమె ముంగట లైను కడ్తది. పింఛను బందైందని ఒకరు, పాసుబుక్కుల పేరు తప్పువడ్డదని ఒకరు, ఊరికి బస్సు రాదని ఒకరు. ఎవరి కష్టమైనా ఆమె చేతికెల్లే కాయితం మీదికి పోవాలె.

ఈ దరఖాస్తుల పనిల ఒక పద్ధతున్నది. ఎవ్వరూ తెల్ల పేజీతోని మొదలువెట్టరు. నిన్నటి దరఖాస్తు తెరుస్తరు, పేరు మారుస్తరు, ఊరు మారుస్తరు, నడుమ కష్టం మారుస్తరు. "పై విషయమై తమరికి విన్నవించుకొనునది ఏమనగా" అనేదాన్ని మాత్రం ముట్టుకోరు. దాన్ని మళ్ళ మొదటికెల్లి టైపు చేసేటోడు సూర్యాపేటల లేడు, కోదాడల లేడు, మిర్యాలగూడల అసలే లేడు. లైన్ల ముప్పై మంది నిలవడి ఉంటే ఎవరికుంటదయ్యా అంత ఓపిక?

ఆ పద్ధతే యాదమ్మ కొంప ముంచింది.

తుంగతుర్తి దిక్కు ఒక తండా నుంచి కమ్లి వచ్చింది ఆ సోమవారం. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. ఏడాది కిందట ఆమె పెనిమిటి గేమ్యాతోని కలిసొచ్చి ఒక దరఖాస్తు రాయించుకపోయింది. రెండెకరాల చెలక ముచ్చట. గేమ్యా తండ్రి రాళ్ళేరి సాగుల వెట్టిన భూమి, కాయితాలల్ల మాత్రం ఎన్నడూ సరిగ్గ ఎక్కలే. ఆ రోజు గేమ్యా కుర్సీల కూసోని మూడు గంటలు చెప్పిండు. తూర్పుకు ఎవరి చెలక, పడమరకు ఏ బండ, ఏ ఏడు బావి తవ్విన్రు, హద్దు రాయి ఎవరు నాటిన్రు. యాదమ్మ ఒక్క ముక్క ఇడవకుండ కొట్టింది. నాలుగు పేజీలు వచ్చింది. అంత మంచి దరఖాస్తు తన చేత మళ్ళ కాలేదని ఆమెకే తెలుసు.

ఇప్పుడు కమ్లి ఒక్కతే వచ్చింది.

"గేమ్యా పోయిండు బిడ్డా, ఉగాదికి ముందు," అన్నది. "వానకాలం పంట కోసినంక సర్వేకు వస్తరట. అప్పుడిచ్చిన దరఖాస్తు నకలు దగ్గర పెట్టుకోమన్నరు. నా పెట్టెల ఉన్నదాన్ని చెదలు తినె. నీ మిషన్ల ఉంటది గద, ఇంకొకటి తీయ్యి."

"ఎందుకుండదు పెద్దమ్మా," అనుకుంట యాదమ్మ ఫైలు తెరిచింది. ఫైలు పేరు గేమ్యాదే. లోపల చూస్తే హుజూర్‌నగర్ అవతల ఏదో ఊరాయన, ఇంటి మీదికి ఒరిగిన కరెంటు స్తంభం, దాన్ని మార్చమని విన్నపం. మూసి మళ్ళ తెరిచింది. మళ్ళ అదే స్తంభం. పెన్‌డ్రైవ్ పెట్టి చూసింది, దాంట్ల గూడ అదే. ఏం జరిగిందో ఆమెకు సమజైంది. గేమ్యా దరఖాస్తు బాగ కుదిరింది గనుక ఏదో సోమవారం దాన్నే తెరిచి, ఆ స్తంభపాయనకు మార్చి రాసింది. కొత్త పేరు పెట్టకముందే సేవ్ కొట్టింది. గేమ్యా చెప్పిన నాలుగు పేజీల మీద స్తంభం పడ్డది.

పక్క టేబుల్ సురేందర్ ఇదంతా చూస్తనే ఉన్నడు. మెల్లగ వంగి, "వైరస్ వచ్చిందని చెప్పు యాదక్కా, ఎవరడుగుతరు," అన్నడు. అతను అట్ల చెప్పి ఎన్నిసార్లు బయటపడ్డడో ఏమో.

యాదమ్మ ఆ మాట చెవిన వెయ్యలే. "తప్పు నాదే పెద్దమ్మా," అన్నది. "దాని మీదనే ఇంకొకలది రాసి సేవ్ కొట్టిన. పోయింది."

"గాయన చెప్పిన మాటలన్ని పోయినయా?"

"పోయినయి."

కమ్లి తిట్టలే. నాలుగు తిట్టినా యాదమ్మకు అంత బాధ కాకపోవు. సంచి భుజానికేసుకోని లేసింది.

"మళ్ళ రాద్దాం పెద్దమ్మా, నువ్వు చెప్పు, నేను రాస్త," అన్నది యాదమ్మ ఎనుకనుంచి.

"మళ్ళ రాస్తే మళ్ళ పోదా?" అన్నది కమ్లి, అని బస్టాండు తొవ్వ వట్టింది.

ఆ రాత్రి బువ్వ సయించలే. ఇరవై రెండేండ్లు పిల్లలకు తప్పులు దిద్దిన మనిషి, యాభై రెండేండ్లకు తనకు మతి తప్పుతున్నదేమో అని మొదటిసారి భయపడ్డది. ఆ భయం ఎవరితోని చెప్పుకుంటది? తెల్లారి ఒక ఒట్టు పెట్టుకున్నది. కమ్లి అడిగినదానికి జవాబు దొరికేదాక పాత ఫైలు తెరువను, ప్రతి దరఖాస్తు తెల్ల పేజీ మీదనే రాస్త.

ఒట్టు పెట్టుకునుడు అల్కగనే అయింది గని లైను మాత్రం కదలదాయె. గంటకు పది దరఖాస్తులు కొట్టే మనిషి నాలుగు దగ్గర ఆగింది. జనం ఒక్కొక్కరు సురేందర్ దిక్కు జరిగిన్రు.

"ముందు సేవ్ యాజ్ కొట్టి పేరు మార్చుకోవాలె అక్కా, గంతే గద," అన్నడు సురేందర్.

"నాకు తెలువదారా? లోయర్ పిల్లలకు నేనే నేర్పిన," అన్నది యాదమ్మ. అదే ఆమెను తినేస్తున్నది. తెలిసి గూడ చేసింది.

కోదాడల ఇంజినీరింగ్ కాలేజీల పాఠం చెప్పే వనిత, యాదమ్మ పాత శిష్యురాలు. యాదమ్మ లాప్‌టాప్ ముసలిదై మొరాయిస్తుంటే, దాంట్ల ఊరికే దొరికే లినక్స్ ఎక్కించి, రాసుకోనీకి స్పారో అనే చిన్న ఎడిటర్ పెట్టిచ్చింది వనితనే. తెలుగు బాగొస్తది, బరువు లేదు, పైసా ఖర్చు లేదు. యాదమ్మ దాన్ని పిచ్చుక అని పిలుస్తది. ఆదివారం వనితకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది.

"మీ పిచ్చుకను తయారు చేసినోడు ఎవడే? వానితోని మాట్లాడాలె."

"ఒక్కడు కాదు మేడం," అన్నది వనిత. "అది ఎవరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో కూర్చుని రాస్తారు, అందరికీ ఊరికే ఇస్తారు. మీకు ఏమైనా కావాలంటే వాళ్ళ సైట్లో రాసిపెట్టొచ్చు. ఒక నంబరు పడుతుంది. పెద్దవాళ్ళు చూసి, సరే అంటే చేస్తారు, లేకపోతే మూసేస్తారు."

"అంటే దరఖాస్తు పెట్టుకోవాలె."

"అంతే అనుకోండి."

"అట్లయితే అది నా పనే గద," అన్నది యాదమ్మ.

ఇంగ్లీషుల మాట్లాడమంటే యాదమ్మకు నోరు తిరగదు. టైపు చేయమంటే మాత్రం దొరల కాలం నాటి విన్నపాల ఇంగ్లీషు ధారగా వస్తది. ఆ భాషలనే రాసింది. స్పారో ఎడిటర్ నిర్వాహకుల దివ్యసముఖమునకు అని మొదలు. విషయం: ఫైలును నకలుగా తెరుచు కొత్త కమాండు ఒకటి మంజూరు చేయుట గురించి. ఆ కమాండుతో పాత ఫైలు తెరిచినప్పుడు అందులోని రాత మాత్రమే రావలెను, దాని పేరు రాకూడదు. సేవ్ కొట్టినచో కొత్త పేరు అడగవలెను. పాత ఫైలు ఉన్నచోటనే, ఉన్నట్టే ఉండవలెను. కావున దయతో పరిశీలించి మంజూరు చేయగలరని ప్రార్థన. ఇట్లు తమ విధేయురాలు, యాదమ్మ, టైపు ఇన్‌స్ట్రక్టర్, సూర్యాపేట.

నంబరు పడ్డది, నాలుగు వేల నూట ఇరవై ఏడు. నంబరు పడ్డ కాయితమంటే యాదమ్మకు సగం పనైనట్టే. దాన్ని తన డైరీల రాసుకున్నది.

మూడో రోజు జవాబొచ్చింది. హెన్రిక్ అని ఒకాయన, ఎక్కడో మంచు దేశం మనిషి, ఆ ఎడిటర్‌కు పెద్దదిక్కు. రెండు ముక్కలే రాసిండు. "సేవ్ యాజ్ ఇప్పటికే ఉంది. దయచేసి అది వాడండి." కింద ఎర్రగ, మూసివేయబడింది అని. ఇంకెవరో కుర్రకుంక, ఇంత మర్యాదగల ఫిర్యాదు తన జన్మల చూడలేదని నవ్వు బొమ్మ ఒకటి పెట్టిండు.

వనితకు ఏడుపొక్కటే తక్కువ. "బాధపడకండి మేడం, వాళ్ళు ఇంతే, ముక్కుసూటిగా రాస్తారు," అన్నది ఫోన్ల.

"బాధ దేనికే? మొదటి దరఖాస్తుకే పనైన ఆఫీసు నా జన్మల చూసిన్నా? రిమైండర్ పెట్టాలె. ఉత్త రిమైండర్ కాదు, జతపరిచి పెట్టాలె," అన్నది యాదమ్మ. గోడ అవతలి వాళ్ళకు గూడ టకటకమని కీబోర్డు చప్పుడు ఇనవడ్డది ఆ పొద్దు.

జతపరచాలంటే సాక్ష్యం కావాలె. మంగళవారం కోదాడ బస్సెక్కింది. వనిత ఆమెను ఎంటవెట్టుకోని దస్తావేజులు రాసేవాళ్ళ దగ్గరికి, పెండ్లికార్డుల డీటీపీ షాపులకు తిప్పింది. యాదమ్మ అందరినీ ఒక్కటే అడిగింది: పాతదాని మీద కొత్తది రాసి పోగొట్టుకున్నరా ఎన్నడన్న? మొదట అందరూ లేదన్నరు. తన స్తంభం ముచ్చట చెప్పినంక ఒక్కొక్కరే నోరు విప్పిన్రు. తొమ్మిది మందిల ఏడుగురు. ఒకాయన ఊరి దేవాలయం చరిత్ర పోగొట్టుకున్నడట, దాని మీద సెల్ టవర్ అగ్రిమెంటు పడ్డదట. "ఎవరికి చెప్పుకుంటామండీ, సిగ్గు కదా," అన్నడాయన.

ఏడుగురి పేర్లు రాసుకున్నది గని యాదమ్మకు తృప్తి కాలే. అందరికీ అయితున్నదని తెలిసింది, ఎందుకైతున్నదో తెలియలే. హెన్రిక్ మళ్ళ అదే అంటడు, ముందు సేవ్ యాజ్ కొట్టుకోండి అని. అన్నా తప్పులేదు.

గురువారం మిర్యాలగూడ పోయింది. అక్కడ కోర్టు దగ్గర అఫిడవిట్లు కొట్టే ఫకీరా, ఆమె హయ్యర్ రాసిన ఏడాదే హయ్యర్ రాసిన మనిషి. ఆమెకంటే పెద్దోడు. టేబుల్ మీద లాప్‌టాప్, టేబుల్ కింద గుడ్డ కప్పిన పాత టైపు మిషన్. అమ్మమంటే అమ్మడు.

"మూడు పోయినయి యాదమ్మా," అన్నడు ఫకీరా చాయ్ తాగుకుంట. "ఇంట్ల సుత చెప్పలే."

"ఎట్ల పోయినయి?"

"ఎట్ల పోయినయో ఎరికుంటే పోనిస్తనా? జర ఆగు, ఈయన బస్సుకు పోవాలంట, ఒక్క కాయితం కొట్టిస్త." దామరచర్ల నుంచొచ్చిన ఒకాయన ఎదురుంగ నిలబడి ఉన్నడు. ఫకీరా పాత అఫిడవిట్ తెరిచిండు, మొదటి లైన్ల పేరు మార్చిండు, తండ్రి పేరు మార్చిండు.

యాదమ్మ పక్కనే కూసోని చేతులు చూస్తున్నది. టైపు పంతులమ్మ కండ్లు స్క్రీన్ మీదికి పోవు, వేళ్ళ మీదికే పోతయి. లైను ముగిసింది. ఫకీరా ఎడమచేతి చిటికెన వేలు కిందికి పోయింది, నడిమి వేలు ఒక మీట నొక్కింది. రెప్పపాటు. అంతల మళ్ళ టైపు చేస్తనే ఉన్నడు.

"ఇప్పుడేం చేసినవ్ అన్నా?"

"ఏం చేసిన? పేరు మార్చిన."

"ఎడమచేతితోని."

"ఎడమచేతితోని ఏం చేయలే." నిజంగనే ఆయనకు తెలువదు.

"సేవ్ కొట్టినవ్," అన్నది యాదమ్మ. "నీ పాత అఫిడవిట్ ఇప్పుడే పోయింది."

ఫకీరా గబగబ ఫైలు మూసి మళ్ళ తెరిచిండు, దాంట్ల కొత్త పేరే ఉన్నది. యాదమ్మ మాత్రం టేబుల్ కింద మిషన్ మీద గుడ్డ తీయమన్నది. కాయితం ఎక్కించి ఒక లైను కొట్టమన్నది. కొట్టిండు. లైను చివర టింగ్ మని గంట మోగింది, ఎడమచెయ్యి తనంతట తానే లేసి మీది కడ్డీని నెట్టింది, కాయితం కొత్త లైనుకు జరిగింది.

ఆ చెయ్యి లేసిన తీరు చూసి యాదమ్మకు అంతా తేటతెల్లమైంది. ఇరవై ఏండ్లు లైను ముగిసినప్పుడల్ల ఎడమచెయ్యి లేసింది. కంప్యూటర్లొచ్చినంక ఆ చేతికి పని లేకుంట పోయింది. అప్పట్ల పూటకోసారి కరెంటు పోతుండె, రాసినదంతా గంగల కలుస్తుండె. అందుకని ఆమె, ఫకీరా, వాళ్ళ తరం టైపిస్టులందరూ ఆ ఖాళీ చేతికి కొత్త పని ఒప్పజెప్పిన్రు. లైను ముగిస్తే సేవ్. కరెంటు కోతలు పోయినయి, చెయ్యికి మాత్రం ఆ సంగతి ఎవ్వరూ చెప్పలే. పాత ఫైలు తెరిచి మొదటి లైన్ల పేరు మార్చంగనే, తలకాయకు సేవ్ యాజ్ యాదికి వచ్చేలోపల, చెయ్యి దాని పని అది చేసుకుంటున్నది.

"మతి కాదు ఫకీరన్నా," అన్నది యాదమ్మ. "మతి తప్పుతున్నదని రెండు వారాల సంది గుండెల రాయి మోస్తున్న. మతి కాదు, చెయ్యి." నవ్వుకుంటనే కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. ఫకీరాకు గూడ మస్తు సంబురమైంది, నాలుగో అఫిడవిట్ పోయిన సంగతే మరిసిండు.

ఫోన్ తోని రెండు వీడియోలు తీసింది. ఒకటి మిషన్ మీద ఫకీరా ఎడమచెయ్యి, ఇంకొకటి లాప్‌టాప్ మీద అదే చెయ్యి. మొకం లేదు, మాట లేదు, ఉత్త చెయ్యి.

రిమైండర్ తయారైంది. సూచిక ఒకటి, నా దరఖాస్తు నంబరు నాలుగు వేల నూట ఇరవై ఏడు. సూచిక రెండు, తమరి జవాబు. జతపరిచినవి, ఎనిమిది మంది అనుభవాలు, రెండు వీడియోలు. నడుమ విన్నపం మాత్రం ఈసారి పాత ఫైళ్ళల్లకెల్లి తీసింది కాదు, సొంతంగ రాసింది. అయ్యా, ఫైలు తెరిచేది తలకాయ, సేవ్ కొట్టేది చెయ్యి. తెరిచేటప్పుడు మనిషి ఆగి, ఏది కావాలె అని ఎతుక్కుంటడు. అప్పుడు ఆలోచన ఉంటది. సేవ్ కొట్టేటప్పుడు ఆలోచన ఉండదు. తమరు జాగ్రత్తను చెయ్యి ఉన్నకాడ పెట్టినరు. దాన్ని తలకాయ ఉన్నకాడికి మార్చగలరని ప్రార్థన.

వారం గడిచింది, ఉలుకు లేదు పలుకు లేదు. యాదమ్మ తెల్ల పేజీల మీద పింఛన్లు కొట్టుకుంట కూసున్నది. ఎనిమిదో రోజు హెన్రిక్ రాసిండు.

"ఈ చేతిని నాలుగుసార్లు చూశాను. తర్వాత నా చేతిని నేను చూసుకున్నాను. పది నిమిషాల్లో ఇరవై ఆరుసార్లు సేవ్ కొట్టాను, ఒక్కటీ నాకు తెలిసి కొట్టలేదు. నేను తప్పు చెప్పాను. దరఖాస్తును తిరిగి తెరుస్తున్నాను."

ఇగ చూస్కో. ఎక్కడెక్కడి మనుషులో వచ్చి ఆ పేజీల రాసుడు మొదలువెట్టిన్రు. పరీక్ష పేపరు మీద పరీక్ష పేపరు రాసుకున్న పంతులొకడు, అమ్మ చెప్పిన వంటల మీద కిరాయి ఒప్పందం రాసుకున్న ఆమె ఒకతె. నవ్వు బొమ్మ పెట్టిన కుర్రకుంక గూడ వచ్చి, తనకూ ఒకటి పోయిందని ఒప్పుకున్నడు. వనిత అవన్నీ ఫోన్ల చదివి చెప్తుంటే యాదమ్మ కండ్లు మూసుకోని ఇన్నది.

సరే అన్నరు గని చేసేదెవరు? వనిత నేను చేస్తనన్నది. కాలేజీ అయినంక రోజు రెండు గంటలు కూసోని మూడు వారాలు రాసింది. నడుమ ఒకాయన అడ్డం పడ్డడు. ఇంత పెద్ద కమాండు ఎందుకు, పాతదాని మీద రాయమంటారా అని ఒక హెచ్చరిక డబ్బా పెడితే చాలదా అన్నడు. వనిత మేడంకు ఫోన్ చేసింది.

"చెయ్యికి చదువు రాదని రాయి," అన్నది యాదమ్మ. "డబ్బా పెట్టినా అది చదవదు, సరే అని కొట్టేస్తది. వారంల దానికి ఆ మీట గూడ అలవాటైతది."

వనిత అట్లనే రాసింది. అడ్డం పడ్డాయన డబ్బా మాట ఎనుకకు తీసుకున్నడు.

వినాయకచవితి పోయినంక ఒక సోమవారం. యాదమ్మ ముంగట లైన్ల పదిమందే ఉన్నరు, సురేందర్ ముంగట ముప్పై మంది. పదకొండు గంటలకు ఫోన్ మోగింది.

"మన కమాండు కలిపేశారు మేడం," అన్నది వనిత. "కొత్త వెర్షన్‌లో వచ్చేసింది. మార్పుల పట్టీలో మొదటిదే మనది. నేను పంపించా, చూడండి."

యాదమ్మ చూసింది. ఫైలు మెనూలో కొత్త కమాండు, నకలుగా తెరువు. దాని పక్కన, ప్రతిపాదించినవారు యాదమ్మ, సూర్యాపేట. రాసినవారు వనిత, కోదాడ. చేతిని చూపించినవారు ఫకీరా, మిర్యాలగూడ. ఆ మూడు ఊర్ల పేర్లు అట్ల ఒక్కకాడ, లోకమంతా చదివేకాడ చూసేసరికి ఆమెకు కూసోబుద్ది కాలే. లేసి నిలవడ్డది. లైన్ల ముంగటున్న ముసలాయన, "ఏమైందమ్మా, మంచేనా?" అన్నడు.

"నా దరఖాస్తు మంజూరైంది తాతా," అన్నది యాదమ్మ.

లైన్ల ఉన్నోళ్ళకు కమాండంటే ఏందో తెలువకపోవచ్చు, మంజూరంటే తెలుసు. పదిమంది పదిమందీ చప్పట్లు కొట్టిన్రు. సురేందర్ లైను ఇడిసిపెట్టి వచ్చి అందరికీ చాయ్ చెప్పిండు. చెప్పి, ఎవ్వరు ఇనకుంట, "ఆ కొత్తది నాకు గూడ ఎక్కియ్యక్కా," అన్నడు.

తెల్లారే యాదమ్మ లాప్‌టాప్ల కొత్త వెర్షన్ ఎక్కించి, దాన్ని సంచిల పెట్టుకోని తుంగతుర్తి బస్సెక్కింది, అక్కడికెల్లి తండాకు ఆటో. కోతలింక మొదలు కాలే. కమ్లి వాకిట్ల కూసోని కందులు చెరుగుతున్నది. యాదమ్మను చూసి చాట పక్కకు పెట్టింది గని రమ్మనలే.

"నువ్వొక మాటడిగినవ్ పెద్దమ్మా," అన్నది యాదమ్మ. "మళ్ళ రాస్తే మళ్ళ పోదా అని. పోదు. ఆ మాట చెప్పనీకొచ్చిన."

కమ్లి లేసి, చీపురు పక్కనున్న చెప్పులు తొడుక్కున్నది. "గీడ కూసోని ఏం రాస్తవ్, నడువు," అన్నది.

ఇద్దరు చెలకకు పోయిన్రు. కమ్లి హద్దుల పొంటి నడుసుకుంట చెప్పింది, యాదమ్మ షార్ట్‌హ్యాండ్ల గీసుకున్నది. తూర్పు, దక్షిణం, పడమర, గేమ్యా చెప్పినట్టే వచ్చినయి. ఉత్తరం దిక్కు వాగు దగ్గరికి వచ్చినంక కమ్లి ఆగింది. "గాయన వాగే హద్దన్నడు. వాగు గాడ లేకుండె. నేను కాపురానికొచ్చిన మూడో ఏడు వరదొచ్చి ఇటు జరిగింది. పాత గట్టు అగో, ఆ తుమ్మల కింద. మా మామ నేను కలిసి రాళ్ళు పేర్చినం," అన్నది. పోయి చూస్తే తుమ్మల కింద రాళ్ళ వరుస అట్లనే ఉన్నది. సర్వేకొచ్చేటోళ్ళు అడిగేదే అది. పోయిన ఏడు మూడు గంటలు కమ్లి గేమ్యా పక్కనే కూసున్నది, ఒక్కరు గూడ ఆమెను అడగలే. తను సుత అడగలేదని యాదమ్మకు సిగ్గేసింది. ఆ మాట కమ్లితోని అన్నది గూడ. "ఇప్పుడడిగినవ్ గద," అన్నది కమ్లి.

వాకిట్లకొచ్చి టైపు చేస్తే ఐదు పేజీలైంది. ఫైలుకు కమ్లి అని పేరు పెట్టింది. అప్పటికే కమ్లి మరిది బిచ్చా వచ్చి నిలవడ్డడు. పక్క చెలక ఆయనదే. "నాది గూడ గిట్లనే రాయి మేడం," అన్నడు.

కమ్లి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. వీనిది నా దాని మీద రాస్తవా?"

"నీ నకలు మీద రాస్త. నీది ముట్టుకోను."

"ముందు నాకు సూపియ్యి. ఖరాబ్ చేసి సూపియ్యి."

యాదమ్మ మెనూలకు పోయి, నకలుగా తెరువు అని నొక్కింది. ఐదు పేజీలు వచ్చినయి, మీద పేరు లేదు. కమ్లి అని ఉన్నకాడ బిచ్చా అని కొట్టింది. లైను ముగిసింది. కావాలని కొట్టే పనే పడలే, ఎడమచెయ్యి తనంతట తానే పోయి సేవ్ కొట్టింది. స్క్రీన్ మీద చిన్న డబ్బా లేసింది, ఈ కొత్త ఫైలుకు పేరేమి అని; పేరు కొట్టనిదే సేవ్ కాదు.

కమ్లి చూపు ఆ చేతి మీదనే ఉన్నది. "కొట్టినవ్," అన్నది.

"కొట్టిన."

"నాది?"

యాదమ్మ కమ్లి ఫైలు తెరిచింది. ఉన్నది ఉన్నట్టే ఉన్నది. పైకి చదివింది, తూర్పు, దక్షిణం, పడమర. ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి కమ్లి పెదవులు గూడ ఆమెతోని కలిసి కదిలినయి, నేనును మా మామయును కలిసి పేర్చిన రాళ్ళ వరుస హద్దు.

"ఇంకోసారి కొట్టు," అన్నది కమ్లి.

డబ్బా మూసి మళ్ళ కొట్టింది. మళ్ళ పేరే అడిగింది.

"ఉన్నదా?"

"ఉన్నది పెద్దమ్మా."

కమ్లి లేసి ఇంట్లకెల్లి పీట తెచ్చి యాదమ్మ ఎదురుంగ ఏసింది. "కూసో," అన్నది బిచ్చాతోని. "మెల్లగ చెప్పు. ఒక్కటి మరువకు. ఆమె రాస్తే ఉంటది."

బిచ్చా కూసున్నడు. యాదమ్మ ఎడమచేతిని కీబోర్డు మీద ఇడిసిపెట్టింది, అది ఎన్నిసార్లు కొట్టుకుంటదో కొట్టుకోనీ అని.